వంద డిగ్రీల నుంచి పరమ శూన్యం దాకా: గాలిని కొలిచిన వేసవి డైరీ

ఏప్రిల్ 26

పదో తరగతిలోకి వెళ్లబోతున్న మా మేనకోడలు వేసవి సెలవులకు గుంటూరు నుంచి విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చింది. నిన్న రాత్రి పదార్థ స్థితుల పాఠం చదువుతూ పుస్తకం మూసి ఒక ప్రశ్న అడిగింది. "మావయ్యా, మైనస్ 273 డిగ్రీల కంటే చల్లగా ఏదీ ఉండదని రాశారు. అంత చల్లదనం దాకా ఎవరూ వెళ్లలేదని కూడా రాశారు. వెళ్లకుండానే ఆ అంకె ఎలా తెలిసింది?"

జూనియర్ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా రసాయన శాస్త్రం చెబుతున్నాను. ఆ అంకెను నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు రాశానో లెక్క లేదు కాని, ఒక్కసారి కూడా దాన్ని నా చేతులతో కొలవలేదు. ఆమెకు సూత్రం చెప్పి ఊరుకోవచ్చు. అయితే వాయువు ఘనపరిమాణం ఉష్ణోగ్రతతో పాటు సరళరేఖలో తగ్గుతుందని, ఆ రేఖను వెనక్కి పొడిగిస్తే ఘనపరిమాణం సున్నా అయ్యే చోటే, పరమ శూన్యమని పిలిచే ఆ మైనస్ 273 ఉంటుందని చెప్పినంత మాత్రాన, ఆమె ప్రశ్న ఇంకో రూపంలో మళ్లీ వస్తుంది. అందుకే మరుగుతున్న నీరు, మంచు, ఇంట్లో దొరికే సామాను, కళాశాల ప్రయోగశాల నుంచి అనుమతితో తెచ్చుకున్న ఒక ఫ్లాస్కు, వీటితోనే ఆ అంకె దగ్గరికి ఎంతవరకు వెళ్లగలమో చూద్దామని నిర్ణయించుకున్నాం. రోజువారీ పనిని నేను రాస్తాను, రీడింగులు ఆమె తీసుకుంటుంది.

ఈ రోజు చేసింది చిన్న పరీక్ష మాత్రమే. మందుల దుకాణంలో కొన్న 60 మి.లీ. ప్లాస్టిక్ సిరంజిలో మొదట సుద్దముక్క, తరువాత నీరు, చివరకు గాలి ఉంచి, ముక్కును గట్టిగా మూసి పిస్టన్‌ను అరచేత్తో నొక్కించాను. సుద్ద కదలలేదు. నీరు కూడా కదలలేదు. గాలి మాత్రం సగానికి పైగా కుంచించుకుపోయి, చెయ్యి తీయగానే మళ్లీ దాదాపు మొదటి గీత దగ్గరికి వచ్చింది. నీరు సుద్దలా నిలిచిందేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. పారే గుణంలో నీరు గాలికి చుట్టమే అయినా, నొక్కుడుకు లొంగని గుణంలో అది సుద్ద పక్షమే. ద్రవంలో అణువులు ఒకదాని మీద ఒకటి జారుతాయి కాని, వాటి మధ్య నొక్కడానికి ఖాళీ పెద్దగా ఉండదు.

ఏప్రిల్ 28

సిరంజిని చెక్క చట్రంలో నిటారుగా బిగించి, పిస్టన్ తల మీద చిన్న చెక్క పలకను అంటించాము. వీధి చివర కిరాణా దుకాణం యజమాని ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక పక్కన పెట్టేసిన ఇనుప తూకపు రాళ్లను నెల రోజులకు అరువిచ్చారు. పలక, పిస్టన్ కలిపి 250 గ్రాములు తూగాయి కనుక, వాటి మీద 500, 200, 50 గ్రాముల రాళ్లు పెట్టి మొదటి బరువును సరిగ్గా ఒక కిలో చేసి, ఆపైన కిలో చొప్పున పెంచుతూ పోయాము. మొదట 50 మి.లీ. గీత దగ్గర గాలిని బంధించాము.

రీడింగులు ఇలా వచ్చాయి: 1 కిలోకు 45.5 మి.లీ., 2 కిలోలకు 39, 3 కిలోలకు 34.5, 4 కిలోలకు 30.5, 5 కిలోలకు 28.

పీడనం రెట్టింపైతే ఘనపరిమాణం సగమవుతుందని బాయిల్ నియమం చెబుతుంది, అంటే ఆ రెండింటి లబ్ధం మారకూడదు. మా మేనకోడలు వరుసగా గుణించింది: 45.5, 78, 103.5, 122, 140. లబ్ధం మారకపోవడం అటుంచి, మూడు రెట్లకు పైగా పెరిగింది. "నియమం తప్పా, మనం తప్పా?" అని అడిగింది. తప్పెక్కడో నాకు తెలుసు కాని చెప్పలేదు. రాళ్లేమీ పెట్టనప్పుడు సిరంజిలోని గాలి 50 మి.లీ. దగ్గరే ఎందుకు ఆగిందో, నొక్కేవాళ్లు ఎవరూ లేకపోతే అది ఇంకా ఎందుకు వ్యాపించలేదో ఆలోచించమని మాత్రం చెప్పాను.

ఏప్రిల్ 30

నిన్న సాయంత్రం అన్నం తింటూ మధ్యలో లేచి నోటు పుస్తకం తెచ్చుకుంది. బయటి గాలి కూడా పిస్టన్‌ను నొక్కుతూనే ఉన్నదని, రాళ్ల కంటే ముందు నుంచీ పలక మీద కనిపించని రాయి ఒకటి ఉన్నదని ఆమెకు తట్టింది. ఆ కనిపించని రాయి బరువెంతో పుస్తకంలో చూడకుండా ఈ రీడింగుల నుంచే రాబట్టాలని నేను పట్టుబట్టాను.

దానికి ముందు మరో లోపాన్ని సరిచేయవలసి వచ్చింది. పిస్టన్‌కు ఉన్న రబ్బరు వలయం సిరంజి గోడను రాసుకుంటూ కదులుతుంది కనుక, బరువు పెంచేటప్పుడు ఘర్షణ రాళ్లకు ఎదురు నిలిచి గాలిని తక్కువగా నొక్కనిస్తుంది, బరువు తగ్గించేటప్పుడు అదే ఘర్షణ గాలికి ఎదురు నిలిచి దాన్ని పూర్తిగా వ్యాపించనివ్వదు. గోడకు రెండు చుక్కల గ్లిజరిన్ రాస్తే కొంత నయమైంది కాని పోలేదు. అందుచేత 6 కిలోల దాకా ఎక్కించి, తిరిగి ఒక్కొక్క కిలో దించుతూ మళ్లీ రీడింగులు తీసుకున్నాము. దించేటప్పుడు 5 కిలోలకు 25.5, 4కు 28, 3కు 31.5, 2కు 35.5, 1కి 40 మి.లీ. వచ్చాయి. రెండు వరుసల సగటు 1 కిలో నుంచి వరుసగా 42.75, 37.25, 33, 29.25, 26.75. ఎక్కేటప్పటి తప్పు, దిగేటప్పటి తప్పు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో ఉన్నాయి కనుకనే ఈ సగటును నమ్మగలుగుతున్నాను. రెండూ ఒకే వైపు లాగే తప్పులైతే వంద రీడింగుల సగటు కూడా పనికిరాదు.

ఇప్పుడు ఘనపరిమాణం విలోమాన్ని (ఒకటిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే విలువను) బరువుకు ఎదురుగా గ్రాఫు కాగితం మీద గుర్తించాము. బిందువులు దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీతను ఎడమ వైపు పొడిగిస్తే అది బరువుల అక్షాన్ని మైనస్ 5.7 కిలోల దగ్గర తాకింది, అంటే ఆ కనిపించని రాయి బరువు 5.7 కిలోలు. సిరంజి లోపల 50 మి.లీ. గీతల పొడవు 9 సెంటీమీటర్లు కనుక అడ్డుకోత వైశాల్యం 5.56 చదరపు సెంటీమీటర్లు. ఈ రెండింటి నుంచి చదరపు సెంటీమీటరుకు 1.026 కిలోల బరువు తేలింది. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనానికి ప్రమాణంగా తీసుకునే విలువ 1.03. కిరాణా రాళ్లతో వాతావరణాన్ని తూచగలిగామని గుర్తించినప్పుడు ఆమె ముఖం చూడవలసిందే. ప్రతి బరువుకూ 5.7 కిలోలు కలిపి మళ్లీ గుణిస్తే లబ్ధాలు 284 నుంచి 288 మధ్యనే నిలిచాయి.

1662లో తన ఫలితాలను ప్రకటించిన రాబర్ట్ బాయిల్ జె ఆకారపు గాజు గొట్టంలో పాదరసం పోసి గాలిని నొక్కాడు. ఆయన పట్టికలో పాదరస మట్టాల తేడా ఒక నిలువు వరుస అయితే, ఆ తేడాకు వాతావరణం తరఫున దాదాపు 29 అంగుళాలు కలపడానికి మరో నిలువు వరుస ఉన్నది. మేము మొదటి రోజు మరిచిపోయింది ఆ రెండో వరుసనే.

మే 3

గాలికి పీడనం ఉన్నదని తేలింది కాని బరువున్నదని ఇంకా చూడలేదు. రెండు లీటర్ల శీతల పానీయం సీసా మూతకు రంధ్రం చేయించి, పంక్చర్ల దుకాణంలో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించుకు వచ్చాము. సీసాను అంచు దాకా నీటితో నింపి కొలిస్తే 2.06 లీటర్లు పట్టింది. తరువాత దాన్ని పూర్తిగా ఆరబెట్టి, తడిపిన గోనె సంచిలో చుట్టి బకెట్టులో పెట్టి, గేజి ఉన్న పంపుతో 30 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి 30 పౌండ్ల పీడనం) వరకు గాలి కొట్టాము. గాలి కొట్టేటప్పుడు ఇద్దరమూ కళ్లద్దాలు పెట్టుకున్నాము. గీతలు పడిన పాత సీసాను, గాజు సీసాను ఈ పనికి ఎంత మాత్రమూ వాడకూడదు.

గాలి కొట్టిన వెంటనే వాల్వు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నొక్కిన పని వేడిగా మారింది. అది చల్లారే దాకా అరగంట ఆగి గేజిని మళ్లీ చూస్తే పీడనం కొద్దిగా పడిపోయింది, తిరిగి 30కి తెచ్చాము. గ్రాములో పదో వంతు వరకు చూపించే వంటింటి కాటా మీద ఖాళీ సీసా 58.3 గ్రాములు, గాలి కొట్టిన సీసా 63.1 గ్రాములు తూగాయి. అదనంగా చేరిన గాలి 4.8 గ్రాములు. ఆ గాలినే గొట్టం ద్వారా నీటి బేసిన్‌లో బోర్లించిన జాడీలోకి వదిలి కొలిస్తే 4.2 లీటర్లు వచ్చింది. అంటే మా గదిలోని గాలి లీటరుకు 1.14 గ్రాములు. మా హాలు వెడల్పు, పొడవు, ఎత్తు గుణించుకుని, అందులోని గాలి తన కంటే బరువుంటుందని మేనకోడలు లెక్క తేల్చింది.

మే 4

చిన్న పరీక్ష. లీటరుకు 1.14 గ్రాముల గాలి 15.2 మీటర్ల ఎత్తున నిలబడితే దాని అడుగున పీడనం 1.7 హెక్టోపాస్కళ్లు (వాతావరణ పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఎక్కువ ఉండాలి. మా అపార్టుమెంటు మెట్ల సందులో పురికొస వేలాడదీసి కొలిచిన ఎత్తు అంతే. ఫోన్‌లోని పీడన సెన్సార్ కింద 1003.1 చూపింది, డాబా మీద 1001.3, 1001.5 మధ్య ఊగింది. 1648లో శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మీద ఆయన బావ పాదరస గొట్టం పట్టుకుని ఫ్రాన్స్‌లోని ప్యూయి ద డోమ్ పర్వతం ఎక్కి చూసిన తేడాయే ఇది.

మే 9

అసలు పని మొదలైంది. శంకువు ఆకారపు ఫ్లాస్కుకు ఒంటి రంధ్రం రబ్బరు బిరడా, అందులో గాజు గొట్టం, దానికి చిన్న రబ్బరు గొట్టం, మూయడానికి క్లిప్పు. బిరడా దాకా నీళ్లు పోసి కొలిస్తే ఫ్లాస్కు, గొట్టం కలిపి 286 మి.లీ. పద్ధతి సులువే. క్లిప్పు తెరిచి ఉంచి, ఫ్లాస్కును పెద్ద గిన్నెలో మరిగే నీటిలో పది నిమిషాలు మెడ దాకా ముంచాలి. లోపలి గాలి నూరు డిగ్రీలకు వేడెక్కి, పెరిగినంత మేర బయటికి పోతుంది. అప్పుడు క్లిప్పు బిగించి, ఫ్లాస్కును బకెట్టులోని చల్లని నీటిలో తలకిందులుగా ముంచి, నీటి లోపలే క్లిప్పు తెరవాలి. గాలి కుంచించుకుపోయిన మేరకు నీరు లోపలికి ఎక్కుతుంది. లోపలి నీటి మట్టం, బయటి మట్టం సమానం చేసి మళ్లీ బిగించి, ఎక్కిన నీటిని కొలజాడీలో పోసి చూడాలి. మట్టాలు సమానం చేయకపోతే లోపలి పీడనం, బయటి పీడనం వేరవుతాయి, అప్పుడు మనం కొలిచేది ఉష్ణోగ్రత ప్రభావం ఒక్కటే కాదు.

మా పీడనం దగ్గర నీరు మరిగే ఉష్ణోగ్రత నూరుకు డిగ్రీలో మూడో వంతు కూడా తక్కువ కాదు కనుక నూరనే తీసుకున్నాము. డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కిపోతున్నాయి కాబట్టి బకెట్టును రాత్రే గదిలో ఉంచాము. ఉదయం నీరు 32 డిగ్రీలు.

క్లిప్పు తెరవగానే నీరు ఒక్క ఉదుటున ఎగసి, 190 మి.లీ. ఎక్కింది. 68 డిగ్రీల చల్లదనానికి మూడింట రెండు వంతుల గాలి మాయమైందన్న మాట. ఆ లెక్కన గీతను పొడిగిస్తే ఘనపరిమాణం మైనస్ 2 డిగ్రీల దగ్గరే సున్నా అవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ మంచు గడి అంతకంటే చల్లగా ఉంటుంది, అందులో గాలి నిక్షేపంగా ఉన్నది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పొద్దున ఫ్లాస్కును కడిగి, బోర్లించి, పావుగంటకే వాడాము. గోడలకు పట్టిన తడి రెండు చుక్కలకు మించి ఉండదు, అంటే గ్రాములో పదో వంతు. అయితే ఒక గ్రాము నీరు నూరు డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1.7 లీటర్లు ఆక్రమిస్తుంది. ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లు పెరిగిందంటే అణువుల మధ్య దూరం ఒక్కో దిశలో పన్నెండు రెట్లు పెరిగినట్టు. ఆ లెక్కన రెండు చుక్కలు 170 మి.లీ. ఆవిరిగా మారి, ఫ్లాస్కులోని గాలిలో సగానికి పైగా బయటికి తోసేశాయి. చల్లారగానే ఆ ఆవిరి తిరిగి రెండు చుక్కలుగా కూలిపోయి, దాని చోటులోకి నీరు దూసుకొచ్చింది. ఎక్కింది గాలి కుంచించుకుపోయినందుకు కాదు, ఒక వాయువు తన స్థితినే మార్చుకున్నందుకు. ఆవిరి మీద వాయు నియమం వాయువుగా ఉన్నంతసేపే నడుస్తుంది.

మే 11

ఈసారి తడిని గడప తొక్కనివ్వకూడదని గట్టిగా అనుకున్నాము. ఫ్లాస్కును రెండు రోజులు ఎండలో ఆరబెట్టాము. మే నెల బెజవాడ గాలిలోనే బోలెడు తేమ ఉంటుంది కనుక గది గాలిని కూడా నమ్మలేదు. ప్రయోగశాల నుంచి తెచ్చిన నీలం రంగు సిలికా జెల్ పూసలను గొట్టంలో నింపి, చేపల తొట్టి పంపుతో ఆ పూసల మీదుగా గాలిని పది నిమిషాలు ఫ్లాస్కులోకి పంపాము. మొదటి వరుస పూసలు గులాబీ రంగుకు తిరిగాయి, అంటే అవి తేమను పట్టుకున్నాయి.

మూడు సార్లు చేశాము. ఎక్కిన నీరు 39, 41, 40 మి.లీ. చక్కగా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఇక ఫలితం వచ్చేసినట్టే అనుకుంటూ లెక్క కట్టాము: 286లో 40 మి.లీ. తగ్గడానికి 68 డిగ్రీలు పడితే, 286 మొత్తం తగ్గడానికి 486 డిగ్రీలు పట్టాలి. నూరు నుంచి 486 వెనక్కి వెళితే మైనస్ 386.

మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. నాక్కూడా కష్టంగానే అనిపించింది. మూడు రీడింగులూ కలిసినంత మాత్రాన అవి సరైనవని కాదు, ఒకే తప్పు మూడు సార్లు జరిగినా అవి కలుస్తాయి. నీరు ఎక్కవలసినంత ఎక్కలేదు, అంటే చల్లబడిన ఫ్లాస్కులో మేము లెక్కపెట్టని వాయువు ఏదో ఉన్నది. బిరడా కారుతోందేమోనని నీటిలో ముంచి ఊది చూశాము, కారడం లేదు.

మే 14

కారణం సిరంజిలో దొరికింది. పదార్థ స్థితుల మీద పీడనం ప్రభావం చూపించాలని వేరే ఉద్దేశంతో ఈ పరీక్ష పెట్టుకున్నాను. 70 డిగ్రీల వేడి నీటిని 15 మి.లీ. సిరంజిలోకి లాగి, గాలి అంతా బయటికి తోసి, ముక్కు మూసి, పిస్టన్‌ను బలంగా వెనక్కి లాగమన్నాను. నీరు ఒక్కసారిగా తెర్లింది. పొయ్యి లేదు, మంట లేదు. పైన నొక్కే పీడనాన్ని తీసేస్తే నీరు 70 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఎందుకంటే ఆ వేడిమి దగ్గర నీటి ఆవిరికి తనదైన పీడనం సుమారు 310 హెక్టోపాస్కళ్లు ఉంటుంది. పిస్టన్ వదలగానే ఆవిరి అంతా నీటిలో కలిసిపోయి, నీటిలో ముందే కరిగి ఉన్న గాలి తాలూకు చిన్న బుడగ ఒక్కటి మిగిలింది. మొదటి రోజు గాలిని నొక్కితే అది గాలిగానే ఉండిపోయింది, ఈ రోజు ఆవిరిని నొక్కితే నీరైపోయింది. రెండింటి తేడా అంతకంటే స్పష్టంగా ఏ పాఠమూ చెప్పలేదు.

దీన్ని రెండో సారి చేస్తూ ఆమె ఆగిపోయింది. "32 డిగ్రీల నీటికి కూడా ఇలాంటి పీడనం ఉంటుంది కదా? మనం ఫ్లాస్కును ఆరబెట్టాం, గాలిని ఆరబెట్టాం. కాని చివరకు ఫ్లాస్కులోకి నీళ్లే ఎక్కించాం."

నిజమే. తడి మొదటిసారి ముందు నుంచి వచ్చింది, రెండోసారి వెనుక నుంచి వచ్చింది. ఎక్కిన నీటి మీది నుంచి లేచిన ఆవిరి గాలితో కలిసి, తన వాటా పీడనంతో చోటు ఆక్రమించుకున్నది. ఒకే పాత్రలోని వేర్వేరు వాయువులు దేని పీడనం అది కలిగిస్తాయని, మొత్తం పీడనం వాటి కూడికేనని 1801లో డాల్టన్ చెప్పాడు. 32 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 47.6 హెక్టోపాస్కళ్లు. మొత్తం 1003 నుంచి దాన్ని తీసేస్తే గాలి వాటా 955.4. ఫ్లాస్కులో మిగిలిన 246 మి.లీ. వాయువును ఆ నిష్పత్తిలో సరిచేస్తే ఒట్టి గాలి 234.3 మి.లీ. అంటే నిజంగా తగ్గింది 40 కాదు, 51.7 మి.లీ. ఇప్పుడు గీత మైనస్ 276 దగ్గర సున్నాను తాకింది.

ఈ దారిలో మా కంటే ముందు నడిచినవాళ్లు కూడా ఇక్కడే తడబడ్డారు. వాయువుల వ్యాకోచాన్ని 1787 ప్రాంతంలోనే జాక్ చార్లెస్ పరిశీలించినా తన ఫలితాలను ప్రచురించలేదు. 1802లో ఆ నియమాన్ని ప్రచురించిన గే-లుసాక్, అప్పటిదాకా ఒక్కొక్కరికీ ఒక్కో విలువ రావడానికి ముఖ్య కారణం పరికరాల్లో ఉండిపోయిన నీరేనని గుర్తించి, తన వాయువులను జాగ్రత్తగా ఆరబెట్టాడు. ఆ మాట నేను ఎన్నడో చదివాను కాని, మైనస్ 386 చూసిన తరువాతే దాని బరువు నాకు తెలిసింది.

మే 17

ఐసు దుకాణం నుంచి దిమ్మె ముక్క తెచ్చి, గోనె సంచిలో చితక్కొట్టి, బకెట్టు నీటిలో కలిపాము. అరగంటకు థర్మామీటరు సున్నా దగ్గర నిలిచింది, మంచు కరుగుతున్నంతసేపూ అక్కడే ఉన్నది. ఇచ్చే వేడి అంతా స్థితి మారడానికే ఖర్చవుతుంది కనుక ఆ నిలకడను మేము ఉచితంగా దొరికిన కొలబద్దగా వాడుకున్నాము. బయట ఎండ 42 డిగ్రీలు దాటుతున్నా బకెట్టులో సున్నా సున్నాగానే ఉన్నది.

ఎక్కిన నీరు 75 మి.లీ. సవరణ లేకుండా లెక్క కడితేనే మైనస్ 281 వచ్చింది. సున్నా డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 6.1 హెక్టోపాస్కళ్లే కాబట్టి తడి చేసే అల్లరి చాలా తక్కువ. సవరించాక మైనస్ 275. సవరణ లేని రెండు విలువల మధ్య నూరు డిగ్రీలకు పైగా తేడా ఉంటే, సవరించిన విలువలు ఒక్క డిగ్రీ దూరంలోకి వచ్చాయి. నాకు ఆ విలువల కంటే ఈ కలయిక మీదే ఎక్కువ నమ్మకం కుదిరింది.

మే 22

మేనకోడలికి మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. 11.7 మి.లీ. ఆవిరిని మేము కాగితం మీద తీసివేశామే తప్ప కళ్లతో చూడలేదని, పట్టికలోని అంకె తెచ్చి సరిపెట్టుకున్నామని ఆమె అభ్యంతరం. అది న్యాయమైన అభ్యంతరం. ఆవిరి లేకుండా ఎలా చేయాలో మూడు రోజులు ఆలోచించి, ఆమే దారి కనిపెట్టింది: నీటి బదులు నూనె. 32 డిగ్రీల దగ్గర వేరుశనగ నూనె నుంచి లేచే ఆవిరి మా కొలతలకు అందనంత స్వల్పం.

నాలుగు లీటర్ల నూనెను వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి, పొయ్యికి దూరంగా, వేరే గదిలో ఉంచాము. ఫ్లాస్కును పొడి గాలితో నింపి, మరిగే నీటిలో వేడి చేసి, క్లిప్పు బిగించి, వెలుపలి నీటి తడిని పూర్తిగా తుడిచాకనే నూనె దగ్గరికి తెచ్చాము. నూనె చిక్కన కనుక నీటిలా ఎగసి రాలేదు, మెల్లగా, గొట్టం గోడలను పట్టుకుని పాకుతూ ఎక్కింది. నూనె వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది కాబట్టి ఫ్లాస్కు చల్లారడానికి ఇరవై నిమిషాలు ఆగి, నూనె ఉష్ణోగ్రత 32 దగ్గరే ఉన్నదని చూసుకుని, మట్టాలు సమానం చేసి క్లిప్పు బిగించాము. ప్రతిసారీ ఫ్లాస్కును సబ్బుతో కడిగి, ఎండబెట్టి, మళ్లీ సిలికా జెల్ గాలి నింపవలసి రావడంతో మూడు రీడింగులకు మూడు రోజులు పట్టింది. గొట్టం లోపల అంటుకుని ఉండిపోయిన నూనెను కూడా కొలజాడీలోకి పూర్తిగా దించడానికి ఫ్లాస్కును అరగంట బోర్లించి ఉంచాము.

వచ్చిన విలువలు 51, 53, 52 మి.లీ. నీటితో 40 దగ్గర ఆగినది నూనెతో 52 దాకా వెళ్లింది. అదే ఫ్లాస్కు, అదే గాలి, అవే ఉష్ణోగ్రతలు. మధ్యనున్న 12 మి.లీ. నీటి ఆవిరిది. పట్టిక చెప్పింది 11.7.

ఏ సవరణా లేకుండా గీత మైనస్ 274 దగ్గర తాకింది. నాలుగు గ్రాఫు కాగితాలను పక్కపక్కన అంటించి, హాలు గోడకు పెట్టిన పొడవాటి అక్షం మీద ఆమె ఎర్ర పెన్సిలుతో ఆ బిందువును గుర్తించి, దాని పక్కన నీటి తాలూకు మైనస్ 386ను కూడా చెరపకుండా ఉంచి, కింద "తడి" అని రాసింది.